డెసిబెల్లెన్ని? పీడనమెంత?

దీపావళి రాత్రి. వీధి నడుమ ఒక కుఱ్ఱవాడు టపాకాయకు నిప్పంటించి వెనుకకు పరుగెత్తును. అది పేలును. అరుగుమీద కూర్చున్న తాతగారు చెవులు మూసికొందురు. కుఱ్ఱవాని చెవులు గింగురుమనును. కొంతసేపటికి ఆ గింగురు తగ్గును. అతడు మరియొక టపాకాయ అందుకొనును.

టపాకాయల శబ్దమును గురించి మన దేశములో ఒక నిబంధన కలదు. 1999లో చేసిన ఈ నిబంధన ప్రకారము, పేలినచోటికి 4 మీటర్ల దూరమున కొలిచినపుడు 125 డెసిబెల్లకు మించిన శబ్దమునిచ్చు టపాకాయను తయారుచేయుట గాని, అమ్ముట గాని, కాల్చుట గాని కూడదు. క్షణకాలపు శిఖరమును కొలుచు పద్ధతిలో ఈ హద్దు 145 డెసిబెల్లు.

ఈ సంఖ్యను చూచిన విద్యార్థికి ఒక సందేహము కలుగుట సహజము. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి మామూలుగా మాటలాడుకొను శబ్దము సుమారు 60 డెసిబెల్లు. అట్లయిన టపాకాయ శబ్దము మాటల శబ్దమునకు రెండు రెట్లు మాత్రమేనా? కాదు. చెవిపై పడు పీడనమును లెక్కకట్టి చూచినచో అది రెండు రెట్లు గాక, 1,778 రెట్లని తేలును. డెసిబెల్ అను కొలతలోని కీలకమంతయు ఈ రెండు సంఖ్యల మధ్యనే ఉన్నది. సంవర్గమానముల పట్టికను చూడనేర్చిన విద్యార్థి ఎవడైనను ఈ లెక్కను చేయగలడు.

గాలిలో ధ్వని పీడనము

మన చుట్టునున్న గాలి అన్ని వైపులనుండి మనలను నొక్కుచునే యున్నది. సముద్రమట్టము వద్ద ఈ వాతావరణ పీడనము సుమారు 1,01,325 పాస్కళ్ళు. ఒక చదరపు మీటరు వైశాల్యముపై ఒక న్యూటను బలము పనిచేసినచో ఆ పీడనమును ఒక పాస్కల్ అందురు. భారమితిలోని పాదరసమును 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టునది ఈ వాతావరణ పీడనమే.

ఒక గంటను కొట్టినపుడు దాని అంచు కంపించును. అంచు ముందుకు వచ్చినపుడు ఎదుటి గాలి పొర నొక్కుకొనిపోవును, ఇది సంపీడనము. అంచు వెనుకకు పోయినపుడు ఆ పొర పలుచబడును, ఇది విరళీకరణము. ఇవి ఒకదాని వెంట ఒకటిగా, 20 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత వద్ద సెకనుకు సుమారు 343 మీటర్ల వేగముతో ప్రయాణము చేయును. సంపీడనము చేరినచోట పీడనము వాతావరణ పీడనముకంటె కొంచెము హెచ్చును. విరళీకరణము చేరినచోట కొంచెము తగ్గును. ఈ హెచ్చుతగ్గులనే ధ్వని పీడనమని చెప్పుదురు.

ఒక్క క్షణమున పీడనము పెరుగును, మరుక్షణమున అంతే తరుగును. కనుక ఊరక సగటు తీసినచో సున్న వచ్చును. ఈ చిక్కును తప్పించుటకు ప్రతిక్షణపు పీడనమును వర్గము చేసి, ఆ వర్గముల సగటు తీసి, దానికి వర్గమూలము కట్టుదురు. గృహములకు వచ్చు విద్యుత్తును 230 వోల్టులని చెప్పునపుడు పాటించు పద్ధతియే ఇది. శుద్ధమైన స్వరమునకు ఇట్లు వచ్చిన విలువను 1.414 చేత గుణించినచో పీడనపు పరమావధి వచ్చును. ఈ వ్యాసములో ధ్వని పీడనమన్నచో, వేరుగా చెప్పనియెడల, వర్గమూలముచే వచ్చిన విలువయే.

చెవికి గల విశాలమైన పరిధి

ఆరోగ్యవంతుడైన యువకుడు సెకనుకు 1000 కంపనములు గల స్వరమును వినుటకు చాలునట్టి కనీస పీడనము సుమారు 0.00002 పాస్కల్. దీనిని 20 మైక్రోపాస్కళ్ళనియు వ్రాయవచ్చును. వాతావరణ పీడనములో ఇది ఐదువందల కోట్ల వంతు. ఇంత సన్నని శబ్దమునకు గాలి కణములు కదలు దూరము ఒక హైడ్రోజను పరమాణువు వ్యాసములో సుమారు పదవ వంతు మాత్రమే. చెవి యెంత సున్నితమైన యంత్రమో ఇందువలన గ్రహింపవచ్చును.

మరియొక కొననున్నది చెవికి నొప్పి కలిగించు ధ్వని. దాని పీడనము సుమారు 20 పాస్కళ్ళు. మొదటిదానికంటె ఇది పదిలక్షల రెట్లు పెద్దది. ఇంత విశాలమైన పరిధిని మామూలు కొలబద్దపై గుర్తించుట సాధ్యము కాదు. గుసగుసను ఒక మిల్లీమీటరు గీతగా గీసినచో, పెద్ద ప్రేలుడును గీయుటకు వీధులు చాలవు.

చెవి కూడ శబ్దములను తేడాలచేత గాక రెట్లచేత పోల్చును. నిశ్శబ్దముగనున్న గదిలో గడియారపు టిక్కుటిక్కు స్పష్టముగ వినవచ్చును. సంతలో అదే గడియారమును చెవికి దగ్గరగా పట్టుకొన్నను వినబడుట కష్టము. కలిసిన శబ్దము రెండుచోట్లను ఒక్కటే; అయితే మొదటిచోట అది ఉన్నదానికి ఎన్నో రెట్లు, రెండవచోట ఉన్నదానిలో లేశము. ఇంద్రియానుభవము ఇట్టి నిష్పత్తుల ననుసరించునను విషయమును జర్మను శాస్త్రజ్ఞుడు ఫెక్నర్ 1860లో ఒక నియమముగ ప్రతిపాదించెను. ఆ నియమము చెవి విషయమున పూర్తిగ సరిపోకపోయినను, రెట్లను లెక్కించు కొలతయే ధ్వనికి తగినదను మాట నిలిచినది. రెట్లను కూడికలుగ మార్చు సాధనము సంవర్గమానము. స్కాట్లండు దేశీయుడు జాన్ నేపియర్ 1614లో దానిని లోకమునకు తెలిపెను.

డెసిబెల్ పుట్టుక

ఈ కొలత మొదట చెవికొరకు పుట్టినది కాదు. టెలిఫోను తీగెలకొరకు పుట్టినది. తీగె పొడవు పెరిగిన కొలది అందులో పోవు మాట బలహీనమగును. ప్రతి మైలునకు సామర్థ్యము ఇంత వంతు చొప్పున తగ్గునే గాని, ఇంత మొత్తము చొప్పున తగ్గదు. కనుక అమెరికాలోని బెల్ టెలిఫోను సంస్థ ఇంజనీర్లు 1920 తరువాతి సంవత్సరములలో సంవర్గమానముపై ఆధారపడిన ఒక ప్రమాణమును ఏర్పరచుకొనిరి. 1928లో దానికి డెసిబెల్ అని పేరు పెట్టిరి. టెలిఫోను నిర్మాతయైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ (1847–1922) పేరుమీదుగా ఈ మాట వచ్చినది. బెల్ వృత్తిచే చెవిటివారికి మాటలు నేర్పు ఉపాధ్యాయుడు. ఆయన భార్య మేబెల్ పసితనముననే వినికిడిని కోల్పోయినది. వినికిడిని కాపాడుటకు నేడు వాడు కొలతకు ఆయన పేరుండుట తగియున్నది.

సామర్థ్యము పది రెట్లు పెరిగినచో ఒక బెల్ పెరిగినదని చెప్పుదురు. బెల్ పెద్ద ప్రమాణమగుటచే అందులో పదవ వంతును డెసిబెల్ అని వాడుదురు. డెసిబెల్ అనునది పాస్కల్ వలెను, మీటరు వలెను ఒక రాశిని కొలుచు ప్రమాణము కాదు. ఒక రాశి మరియొక రాశికి ఎన్ని రెట్లున్నదో తెలుపునది మాత్రమే. అందుచే “దేనితో పోల్చి?” అను ప్రశ్నకు జవాబు లేనిదే డెసిబెల్లకు అర్థము లేదు. గాలిలోని ధ్వనికి పోలిక కనీస శ్రవణ పీడనమైన 0.00002 పాస్కల్ తోనే. దీనిని ప్రమాణ పీడనము అందురు. ఈ పద్ధతిలో వచ్చిన డెసిబెల్ల సంఖ్య ధ్వని స్థాయి. సంగీతములో మంద్ర, మధ్య, తారస్థాయిలని చెప్పు మాటకును దీనికిని సంబంధము లేదని ఉపాధ్యాయులు విద్యార్థులకు ముందే చెప్పుట మంచిది.

సూత్రము

ఒక చదరపు మీటరు గుండ ఒక సెకనులో పోవు ధ్వని శక్తిని ధ్వని తీవ్రత అందురు. తీవ్రత పీడనముయొక్క వర్గమునకు అనుపాతముగ నుండును. పీడనము రెట్టింపయినచో తీవ్రత నాలుగు రెట్లగును. పీడనము పదిరెట్లయినచో తీవ్రత నూరు రెట్లగును. డెసిబెల్ తీవ్రతల నిష్పత్తినుండి పుట్టినది కనుక,

స్థాయి = 10 × లాగ్ (తీవ్రత ÷ ప్రమాణ తీవ్రత)

వర్గముయొక్క సంవర్గమానము అసలు సంఖ్య సంవర్గమానమునకు రెట్టింపు. కావున పీడనములో వ్రాసినపుడు 10కి బదులు 20 వచ్చును.

స్థాయి = 20 × లాగ్ (ధ్వని పీడనము ÷ ప్రమాణ పీడనము)

దీనిని త్రిప్పి వ్రాసినచో మనకు కావలసిన సూత్రము లభించును. స్థాయిని 20 చేత భాగించి, వచ్చిన సంఖ్యకు ప్రతిసంవర్గమానము కనుగొని, దానిని ప్రమాణ పీడనముచేత గుణించవలెను.

ధ్వని పీడనము = 0.00002 × ప్రతిలాగ్ (స్థాయి ÷ 20)

మొదట సులభమైన లెక్క. స్థాయి 60 డెసిబెల్లనుకొందము. 60ని 20 చేత భాగించినచో 3. దాని ప్రతిసంవర్గమానము 1000. దీనిని 0.00002 చేత గుణించినచో 0.02 పాస్కల్. మామూలు సంభాషణలో ఎదుటివాని చెవిని చేరు పీడనమింతే.

ఇక భిన్నము గల లెక్క. స్థాయి 85 డెసిబెల్లు. 85ని 20 చేత భాగించినచో 4.25. ఇందులో 4 లక్షణము, 0.25 మూర్ధము. పట్టికలో 0.25కు ప్రతిసంవర్గమానము 1.778. లక్షణము 4 కనుక 17,780. దీనిని 0.00002 చేత గుణించినచో 0.356 పాస్కల్.

ఇదే అంకెలు మరికొన్నిచోట్ల తిరిగి వచ్చుట గమనింపదగినది. ప్రతి 20 డెసిబెల్లకు పీడనము సరిగా పది రెట్లగును. కావున 105 డెసిబెల్లకు 3.56 పాస్కళ్ళు, 125కు 35.6 పాస్కళ్ళు, 145కు 356 పాస్కళ్ళు. క్రిందికి దిగినచో 45 డెసిబెల్లకు 0.00356 పాస్కల్. ఒక్కసారి పట్టిక చూచి ఇన్ని విలువలను పొందవచ్చును.

నోటిలెక్క

పట్టిక చేతలేనపుడును దాదాపుగ విలువ కట్టుటకు క్రింది నాలుగు నిష్పత్తులను గుర్తుంచుకొన్నచో చాలును.

1 డెసిబెల్ పెరిగినచో పీడనము 1.12 రెట్లు
6 డెసిబెల్లు పెరిగినచో 2 రెట్లు
10 డెసిబెల్లు పెరిగినచో 3.16 రెట్లు
20 డెసిబెల్లు పెరిగినచో 10 రెట్లు

డెసిబెల్లను కూడినపుడు నిష్పత్తులను గుణించవలెను. ఉదాహరణకు 86 డెసిబెల్లను 60, 20, 6గా విడగొట్టుదము. 60కి పీడనము 0.02 పాస్కల్. మరి 20కి పదిరెట్లు, 0.2. మరి 6కు రెట్టింపు, 0.4 పాస్కల్. పట్టికనుబట్టి వచ్చు విలువ 0.399. ఇంతకంటె సూక్ష్మత నిత్యవ్యవహారమున అక్కరలేదు.

94 డెసిబెల్లకు పీడనము సరిగా ఒక పాస్కల్ వచ్చును. శబ్దమాపకములను సరిచూచు చిన్న పరికరములు సెకనుకు 1000 కంపనములతో 94 డెసిబెల్ల స్వరమునిచ్చునట్లు చేయుటకు కారణమిదియే.

దూరము, పీడనము

ఇప్పుడు టపాకాయ దగ్గరకు తిరిగి వచ్చెదము. 4 మీటర్ల దూరమున 125 డెసిబెల్లనగా 35.6 పాస్కళ్ళు. కుఱ్ఱవాడు 4 మీటర్ల దూరమున నిలువకున్నచో ఏమగును?

ఆరుబయట ఒక బిందువునుండి వెలువడిన ధ్వని గోళాకారముగ వ్యాపించును. దూరము రెట్టింపయినచో గోళపు ఉపరితలము నాలుగు రెట్లగును, తీవ్రత నాల్గవ వంతగును, పీడనము సగమగును. అనగా దూరము రెట్టింపయిన ప్రతిసారి 6 డెసిబెల్లు తగ్గును. దూరము సగమయిన ప్రతిసారి 6 డెసిబెల్లు పెరుగును. ఈ లెక్క ప్రకారము,

8 మీటర్ల వద్ద 119 డెసిబెల్లు, 17.8 పాస్కళ్ళు
4 మీటర్ల వద్ద 125 డెసిబెల్లు, 35.6 పాస్కళ్ళు
2 మీటర్ల వద్ద 131 డెసిబెల్లు, 71 పాస్కళ్ళు
1 మీటరు వద్ద 137 డెసిబెల్లు, 142 పాస్కళ్ళు
అర మీటరు వద్ద 143 డెసిబెల్లు, 285 పాస్కళ్ళు

నిబంధనకు లోబడిన టపాకాయయే, చేయిచాచిన దూరమున పేలినచో, చెవిపై ఎనిమిది రెట్ల పీడనము కలిగించును. ప్రేలుడుకు మిక్కిలి సమీపమున గాలి పీడనము ఈ సాధారణ నియమముకంటె వేగముగ తగ్గును. అనగా దగ్గరి పీడనము ఈ పట్టికలోని విలువకంటె ఇంకను ఎక్కువగనే యుండవచ్చును. ఇరుకు సందులలో ఇరువైపుల గోడలు ధ్వనిని పరావర్తనము చేయుటచే దూరము పోయినను శబ్దము అంతగా తగ్గదు.

ఒక ప్రశ్న

ఇచ్చట తెలివైన విద్యార్థి ఒకడు లేచి ఇట్లు అడుగవచ్చును: “మాస్టారూ, ఒక మీటరు ఎత్తునకు పోయినచో వాతావరణ పీడనము సుమారు 12 పాస్కళ్ళు తగ్గునని చెప్పితిరి గదా! మూడు మీటర్ల ఎత్తుగల మేడమెట్లు ఎక్కినచో 36 పాస్కళ్ళు తగ్గును. అది టపాకాయ పీడనమునకు సమానమే. మేడ యెక్కిన ప్రతివాని చెవి యెందుకు చెడదు?”

ఈ ప్రశ్న చాల మంచిది. లెక్కలో పొరబాటు లేదు. భేదమంతయు మార్పు జరుగు వేగములో నున్నది. మెట్లెక్కునపుడు ఆ మార్పునకు కొన్ని సెకనులు పట్టును. అంత మెల్లని మార్పు చెవిలోపలి ద్రవమును కంపింపజేయదు. గొంతునుండి మధ్యచెవికి పోవు సన్నని గొట్టము తెరచుకొన్నపుడు కర్ణభేరికి రెండువైపుల పీడనము సమానమగును. టపాకాయ పేలినపుడో, పీడనము సెకనులో వెయ్యవ వంతుకంటె తక్కువ కాలములో పెరిగి తరుగును. గొట్టము తెరచుకొనుటకు వ్యవధి యెక్కడిది?

కర్ణభేరి వైశాల్యము సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. దానిపై వాతావరణము వేయు బలము అర కిలోగ్రాము బరువునకు పైగా ఉండును. రెండువైపుల సమానముగ నుండుటచే అది తెలియదు. 125 డెసిబెల్ల ధ్వని వేయు బలము ఒక గ్రాములో ఐదవ వంతు మాత్రమే. అయినను ఆ స్వల్పబలము కర్ణభేరిని ముందుకు వెనుకకు త్రోయుచుండును. మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు ఆ పీడనమును సుమారు 20 రెట్లు పెంచి లోపలిచెవికి అందించును. అచ్చట నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కాక్లియాలో సన్నని రోమములు గల కణములు వేలకొలది యున్నవి. ద్రవము కంపించినపుడు ఈ రోమములు వంగి మెదడునకు వార్త పంపును. మితిమీరిన కంపనమునకు ఇవి విరిగిపోవును. పక్షులలో ఇట్టి కణములు తిరిగి పుట్టును, మనుష్యులలో పుట్టవు.

ఎంత ధ్వని, ఎంత కాలము?

చెవికి హాని పీడనమువలననే గాక, ఆ పీడనము పనిచేసిన కాలమువలనను కలుగును. అమెరికా దేశపు వృత్తి భద్రతా ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో చేసిన సిఫారసు ప్రకారము, పనివాడు రోజునకు 8 గంటలపాటు ఉండదగిన గరిష్ఠస్థాయి 85 డెసిబెల్లు. అంతకుమించిన ప్రతి 3 డెసిబెల్లకు కాలమును సగము చేయవలెను. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 94 వద్ద ఒక గంట, 97 వద్ద అరగంట, 100 వద్ద 15 నిమిషములు.

మూడేల? తీవ్రత రెట్టింపయినచో స్థాయి 3 డెసిబెల్లు పెరుగును. శక్తి రెట్టింపు వేగముతో చెవిలోనికి వచ్చునపుడు, చేరు మొత్తము మారకుండవలెనన్నచో కాలమును సగము చేయవలసినదే. పీడనముతో లెక్కించినను ఈ మాటయే వచ్చును: 3 డెసిబెల్లకు పీడనము 1.41 రెట్లు, దాని వర్గము 2.

మన దేశములో 2000లో చేసిన శబ్దకాలుష్య నిబంధనలు పరిసరములలోని సగటు శబ్దమునకు హద్దులు విధించినవి. నివాస ప్రాంతములలో ఉదయము 6 మొదలు రాత్రి 10 గంటలవరకు 55 డెసిబెల్లు, తరువాత 45. ఆసుపత్రులు, పాఠశాలలు మొదలగువాని చుట్టు నిశ్శబ్ద ప్రాంతములలో పగలు 50, రాత్రి 40. పై సూత్రముచే పగటి 55 డెసిబెల్లకు 0.0112 పాస్కల్, రాత్రి 45కు 0.00356 పాస్కల్ వచ్చును. చూచుటకు పది సంఖ్యల భేదమే. పీడనములో మూడు రెట్లకు పైగా, తీవ్రతలో సరిగా పది రెట్లు.

రెండు శబ్దములు కలసినపుడు

ఒక లౌడుస్పీకరు 70 డెసిబెల్లిచ్చుచున్నది. ప్రక్కనే మరియొకటి వేరొక పాటను 70 డెసిబెల్లతో వినిపించుచున్నది. మొత్తము 140 కాదు. ఒక్కొక్కదాని పీడనము 0.0632 పాస్కల్. ఈ పీడనములనైన సూటిగా కూడవచ్చునా? కూడదు. రెండు ధ్వనుల సంపీడనములు ఒకేసారి రావు. ఒకదాని సంపీడనముతో మరియొకదాని విరళీకరణము కలియుచుండును. కనుక కూడవలసినది పీడనముల వర్గములను. 0.0632 వర్గము 0.004. రెండును కలిసి 0.008. వర్గమూలము 0.0894 పాస్కల్. దీనికి స్థాయి 73 డెసిబెల్లు.

రెండు ధ్వనులు ఒకే మూలమునుండి వచ్చి ఒకే తాళమున కలసినపుడు మాత్రము పీడనములు సూటిగా కూడి 76 డెసిబెల్లగును. ఒకటి 80, మరియొకటి 70 అయినచో మొత్తము 80.4 మాత్రమే. పెద్ద శబ్దమును అట్లే యుంచి చిన్నదానిని ఆపుటవలన లాభము లేదని ఇందుచే తెలియుచున్నది.

రెండు జాగ్రత్తలు

శబ్దమాపకము చూపు అంకెను సూత్రములో వేయుటకు ముందు, అది ఏ పద్ధతిలో కొలిచినదో చూడవలెను. చెవి అన్ని పౌనఃపున్యములను సమానముగ వినదు. ఈ విషయమును ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రయోగములచే చూపిరి. చెవి ధోరణి ననుసరించి, శబ్దమాపకములలో మంద్రధ్వనులను తగ్గించి చూపు ‘ఏ’ పద్ధతి ఏర్పడినది. సెకనుకు 1000 కంపనముల వద్ద ఈ పద్ధతి ఏమియు మార్చదు. 100 కంపనముల వద్ద సుమారు 19 డెసిబెల్లు తగ్గించును. 80 డెసిబెల్ల మంద్రధ్వని ‘ఏ’ పద్ధతిలో 61గా కనబడును. నిజమైన పీడనము 0.2 పాస్కల్ కాగా, 61ని సూత్రములో వేసినవానికి 0.0224 వచ్చును, తొమ్మిదవ వంతు! చట్టములలోని హద్దులు సాధారణముగ ‘ఏ’ పద్ధతిలోనివి. అందుచే వానినుండి కట్టిన పీడనములు 1000 కంపనముల దరినున్న ధ్వనులకే సరిగా వర్తించును. టపాకాయల 125 డెసిబెల్లును అట్టివే. పైగా క్షణికమైన ప్రేలుడును కొంత కాలముపై సగటు చేసి చూపునవి. ఆ క్షణమున చెవిని తాకు శిఖరము అంతకంటె చాల హెచ్చు. 145 డెసిబెల్ల శిఖరపు హద్దును వేరుగా పెట్టుటకు కారణమిదియే. అది 356 పాస్కళ్ళు, మెట్ల లెక్కలో చెప్పినచో 30 మీటర్ల ఎత్తు, రెప్పపాటుకంటె తక్కువ కాలములో.

రెండవ జాగ్రత్త నీటికి సంబంధించినది. నీలి తిమింగిలము 188 డెసిబెల్లతో అరచునని పుస్తకములలో కనబడును. నీటిలో ప్రమాణ పీడనము 20 మైక్రోపాస్కళ్ళు కాదు, ఒక్క మైక్రోపాస్కల్. ఆ తేడావలననే 26 డెసిబెల్లు అధికముగ కనబడును. 188 డెసిబెల్లకు నీటిలో 2,512 పాస్కళ్ళు వచ్చును. గాలి సూత్రమును వాడినచో ఇరవై రెట్లు తప్పు వచ్చును.

తిరుగు లెక్క

పీడనమునుండి డెసిబెల్లను కట్టుటకు చరిత్రలోనుండి ఒక ఉదాహరణము. 1883 ఆగస్టు 27వ తేదీన ఇండొనీషియాలోని క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలయినది. సుమారు 160 కిలోమీటర్ల దూరమున నున్న బటేవియా నగరపు గ్యాసు కర్మాగారములోని పీడనమాపకము పాదరసములో రెండున్నర అంగుళములకు పైగా ఎగసినది. ఒక అంగుళము పాదరసము 3,386 పాస్కళ్ళు కనుక రెండున్నర అంగుళములు సుమారు 8,470 పాస్కళ్ళు. దీనిని 0.00002 చేత భాగించినచో 42 కోట్ల 35 లక్షలు. దాని సంవర్గమానము 8.627. దానిని 20 చేత గుణించినచో దాదాపు 172.5 డెసిబెల్లు. ఇది శిఖరపీడనమునుబట్టి కట్టిన విలువ. అంత దూరమున అంత పీడనము! నాలుగువేల కిలోమీటర్లకు పైగా దూరముననున్న రోడ్రిగ్స్ ద్వీపములో ఆ శబ్దమును ఫిరంగి మ్రోతగ భావించిరి.

ధ్వనికి పై హద్దు కలదా? సంపీడనము ఎంతైనను పెరుగవచ్చును. విరళీకరణము మాత్రము శూన్యమును దాటి పోజాలదు. పీడనము 1,01,325 పాస్కళ్ళు తగ్గినచో మిగులునది ఏమియు లేదు. ఆ పరమావధినుండి కట్టినచో 194 డెసిబెల్లు వచ్చును. వర్గమూల విలువనుండి కట్టినచో 191. పుస్తకములలో ఈ రెండంకెలును కనబడుటకు కారణమిది. అంతకు పైనున్నది ధ్వని తరంగము కాదు, ఆఘాత తరంగము.

వెనుకకు ఎన్ని అడుగులు?

దీపావళి నాటి కుఱ్ఱవానికి సంవర్గమానములతో పనిలేకపోవచ్చును. అతని చెవుల గింగురు కొంతసేపటికి తగ్గినదని మొదట చెప్పుకొంటిమి. గింగురు తగ్గుట రోమకణములన్నియు క్షేమముగ నున్నవనుటకు సాక్ష్యము కాదు. కొన్ని పోయినను మిగిలినవి పనిచేయుచునే యుండును. లోటు చాలకాలమునకు గాని తెలియదు. తెలిసిననాడు చేయదగినది స్వల్పము.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిన్న లెక్కను ఇయ్యవచ్చును: ఒక టపాకాయ ఒక మీటరు దూరమున 137 డెసిబెల్లిచ్చును. చెవిపై పడు పీడనము ఎనిమిదవ వంతు కావలెనన్నచో ఎంత దూరము పోవలెను? పీడనము దూరమునకు విలోమానుపాతము కనుక ఎనిమిది మీటర్లు. అప్పుడు స్థాయి 119 డెసిబెల్లు. అనగా నిప్పంటించి వెనుకకు వేసిన ఇరువది అడుగులు, నల్లబల్లపై వ్రాసిన 18 డెసిబెల్లు ఒక్కటే. లెక్క చేసి చూచిన పిల్లవాడు ఆ అడుగులు వేయుటకు మరచిపోడు.